రాజుగారు కోసిన గుమ్మడికాయ

నీలాద్రిపుర రాజ్యంలో సూరమాంబ అనే వృద్ధురాలు ఉండేది. పెద్దలను తలచుకోకుండా ఆమె ఏ మాటా మొదలుపెట్టేది కాదు. ఆమె ముత్తాత అయ్యలార్యుడు ఎండదారిన పోయే బాటసారుల కోసం చలిపందిరి వేయించాడు. తాత కొమ్మనార్యుడు జీతం అడగకుండా ఊరి పిల్లలందరికీ చదువు చెప్పాడు. నాయనమ్మ ఎర్రమాంబ, కరవు వచ్చిన ఏడు, తన పెరటి గుమ్మడికాయలన్నింటినీ కోయించి, బెల్లంతో హల్వా చేసి, ఆకలితో వచ్చిన ప్రతివారికీ దొన్నెలో పెట్టింది. ఆ హల్వా చేసే పద్ధతి ఎర్రమాంబ నుండి సూరమాంబకూ, సూరమాంబ నుండి మనుమరాలు చెన్నాంబకూ వచ్చింది.

ఆ పద్ధతే వారి ఇంటికి కష్టం తెచ్చిపెట్టింది.

నీలాద్రిపురాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజుకు తన నాలుక మీద ఉన్న గర్వం తన సైన్యం మీద కూడ లేదు. "మేము మెచ్చినదే రుచి" అని సభలో చాటించుకొనేవాడు. అయితే ఆయన తల్లి మహారాణి తన చేతులతో గుమ్మడి హల్వా చేసి కొడుకుకు పెట్టేది. ఆమె కాలం చేసిన తరువాత ఆ రుచి మరల ఆయన నోటికి అందలేదు. కోటలోని వంటవారు కుంకుమపువ్వు వేశారు, బాదంపప్పు వేశారు, వెండిరేకు అద్దారు. ఆయన ప్రతిసారీ ఒక ముద్ద నోట పెట్టుకొని, గిన్నెను పక్కకు నెట్టేవాడు.

సూరమాంబ ఇంటి హల్వా సంగతి ఎవరో రాజు చెవిన వేయగా, భటులు వచ్చి చెన్నాంబను కోటకు తీసికొనిపోయారు. "మా అమ్మ చేతి రుచి తెప్పించినవారు పల్లకిలో ఇంటికి పోవచ్చు. అంతవరకు ఈ పిల్ల గడప దాటరాదు" అని రాజాజ్ఞ.

తొలకరిలో వెళ్ళిన పిల్ల. పెరటి పాదు పూత పూసింది, పిందె వేసింది, కాయలు పసుపు తిరిగాయి. పిల్ల రాలేదు. సూరమాంబ భోజనవేళ అలవాటుగా రెండు విస్తళ్ళు పరచి, తరువాత ఒకటి మడిచి పక్కన పెట్టుకొనేది. వీధిలో గజ్జెల చప్పుడు వినబడితే చేతిలోని పని ఆపి, ఆ చప్పుడు తన గుమ్మం దాటిపోయేవరకు కదలకుండా కూర్చొనేది. హల్వా చేయడం మానివేసింది. ఒక్క మనిషి కోసం అంత పెద్ద కాయను ఎవరు కోస్తారు?

ఒకనాడు ఆమె చేతికర్ర పట్టుకొని నేరుగా రాజసభకు వెళ్ళింది.

"ఎవరవ్వా నీవు?" అని అడిగాడు రాజు.

"చలిపందిరి వేయించిన అయ్యలార్యునికి మునిమనుమరాలిని, చదువు చెప్పిన కొమ్మనార్యునికి..."

"వంశావళి చాలు! వచ్చిన పని చెప్పు."

"మనుమరాలిని ఇంటికి తీసికొనిపోవడానికి వచ్చాను, ప్రభూ."

"ఎలా పోతుంది? ఈ ఉదయం పంపినది కూడ బాగుండలేదు. ఒక ముద్ద తిని నెట్టివేశాను."

"ప్రభువులు దానిని ఎవరితో కలిసి తిన్నారు?"

సభ నివ్వెరపోయింది. రాజు మీసం దువ్వాడు. "రాజు మరొకరితో కలిసి తింటాడా? మా ఆహారాన్ని ముందు పరీక్షకులు రుచి చూస్తారు. బంగారు గిన్నెకు మూత బిగించి ముద్ర వేస్తారు. ఆపై ద్వారద్వారానా తనిఖీ జరుగుతుంది."

"చల్లారేవరకు మోస్తారన్నమాట. మరి మహారాణీగారు తమకు ఎక్కడ పెట్టేవారు?"

రాజు చేయి మీసం మీది నుండి దిగింది. "వెనుక వంటింట్లో" అన్నాడు మెల్లగా. "పొయ్యి పక్కన. నేనూ, దాది పిల్లలూ తెడ్డు నాకడానికి పోట్లాడుకొనేవాళ్ళం. అమ్మ ఎవరినీ కసరేది కాదు." అంతలో సభ గుర్తుకు వచ్చి గొంతు సవరించుకొన్నాడు. "అది అప్రస్తుతం! నీవు ఆ రుచి తేగలవా, లేవా?"

"తెప్పించగలను. అయితే మా ఇంటి పద్ధతి ఏది తప్పినా రుచి తప్పుతుంది."

"ఏదీ తప్పదు. ఇది మా మాట."

సూరమాంబ చేతులు జోడించింది. "గుమ్మడికాయకు తొలివేటు ఆడవారు వేయరాదు, ప్రభూ. ఇంటి యజమానే వేయాలి. ఈ కోటకు యజమాని ఎవరో సెలవిస్తే, వెళ్ళి ఆయననే పిలుచుకొంటాను."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. ఇంకొకరిని యజమాని అనడం ఎలా? ఉద్దండవర్మ లేచి వంటశాలకు నడిచాడు.

అక్కడ చెన్నాంబ పొయ్యి ముందు నిలుచుని ఉన్నది. పిల్ల మణికట్లు సన్నబడ్డాయి. సూరమాంబకు దానిని గుండెకు హత్తుకోవాలని ఉన్నా, రాజు ఎదుట తమాయించుకొని, "జడ ఎవరు వేస్తున్నారే నీకు, ఇంత వంకరగా?" అన్నది. "నేనే వేసుకొంటున్నాను, అమ్మమ్మా" అని పిల్ల కన్నీళ్ళు మింగింది. ముసలమ్మ జడ సవరిస్తున్నట్లు వంగి, దాని చెవిలో ఏదో చెప్పింది.

రాజు కత్తి ఎత్తి కాయ మీద వేశాడు. కత్తి అందులో దిగబడిపోయింది. లాగితే కత్తితోపాటు కాయ కూడ లేచి వచ్చింది.

"యుద్ధంలో కూడ ఇంత గట్టి తల నాకు తగలలేదే!" అని ఆయన రొప్పాడు.

"తొడిమ పక్కన కొట్టండి, ప్రభూ. కిరీటం కాస్త పక్కన పెట్టండి, కంటి మీదికి జారుతున్నది."

కాయ పగిలింది. వంటవారి పిల్లలు గింజలు తీయడానికీ, తురమడానికీ మూగారు. తురుమంతా పెద్ద బాణలిలో పడింది. పొగకు రాజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పీట మీద కూర్చుని ఆయన మాటిమాటికీ "అయిందా?" అని అడగసాగాడు. ఆయన కళ్ళు తుడుచుకొంటున్న సమయంలో చెన్నాంబ పొగలు కక్కే హల్వాను దొన్నెలలో పెట్టి, ఆయనకూ, పక్కనే కూర్చున్న పిల్లలకూ అందించింది.

మొదటి ముద్దకు రాజు కళ్ళు మూసుకొన్నాడు. రెండవ ముద్దకు తల వంచుకొన్నాడు.

పక్కనున్న చిన్నపిల్ల, "తమరు తినకపోతే నాకు పెట్టండి" అని చేయి చాపింది.

"పో! ఇది నాది!" అని రాజు దొన్నెను వెనుకకు లాక్కొన్నాడు. వెంటనే, "అవ్వా! ఇదే! మా అమ్మ చేతి రుచి ఇదే! నా నాలుక పొరబడదు. వండినదానవు నీవు, పల్లకి ఎక్కు!" అన్నాడు.

"పల్లకి నాకు చెందదు, ప్రభూ. వండినది చెన్నాంబ."

"అదెలా? నేను కోసిన కాయ నా కళ్ళముందే పొయ్యి ఎక్కింది కదా!"

"తమరు కోసినది ఆ పెద్ద బాణలిలో ఇంకా ఉడుకుతున్నది, పచ్చివాసన కూడ పోలేదు. తమరు తిన్నది ఈ ఉదయం బంగారు గిన్నెలో వస్తే నెట్టివేసినదే. మా పిల్ల దానిని పొయ్యి అంచున వేడిచేసి దొన్నెలో పెట్టింది."

రాజు దొన్నె వైపు చూశాడు, బాణలి వైపు చూశాడు.

"అయితే ఉదయం నా నాలుకకు ఏమైంది?"

"నాలుకకు ఏమీ కాలేదు, ప్రభూ. ఉదయం తిన్నది సింహాసనం. ఇప్పుడు తిన్నది మహారాణీగారి కొడుకు."

ఉద్దండవర్మ ఒక్కసారిగా పొట్ట పట్టుకొని నవ్వాడు. నవ్వి నవ్వి పై ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకొన్నాడు. ఈసారి పొయ్యిలో పొగ లేదు. తన చేతి కంకణం తీసి చెన్నాంబకు తొడిగించాడు, సూరమాంబకు పెరటిని ఆనుకొని ఉన్న మడిని రాసి ఇచ్చాడు, పల్లకిని గుమ్మానికి రప్పించాడు.

తరువాత, రాజులా కాక ఇంటి పిల్లవానిలా, "నేను కోసినది దించేవరకైనా ఉండవా, అవ్వా?" అని అడిగాడు.

"మా ఇంట పొయ్యి చల్లారి చాలా నాళ్ళయింది, ప్రభూ" అన్నది సూరమాంబ. "తెడ్డు తమరు పట్టుకోండి. తినేవారు చుట్టూనే ఉన్నారు."

ఇద్దరూ ఒకే పల్లకిలో ఇంటికి వచ్చారు. దారి పొడుగునా సూరమాంబ మనుమరాలి చేతిని వదలలేదు.

ఆమె చెన్నాంబకు నేర్పిన పద్ధతి ఇది. బాగా పండిన గుమ్మడికాయను చెక్కు తీసి తురమాలి. నేతిలో పచ్చివాసన పోయేవరకు వేయించి, మూతపెట్టి దాని నీటిలోనే మగ్గనివ్వాలి. మెత్తబడిన తరువాత తురుములో సగం బెల్లం వేసి, హల్వా బాణలి అంచులు వదిలేవరకు కలపాలి. చివర ఏలకుల పొడి, వేయించిన కొబ్బరి, చిటికెడు ఉప్పు వేయాలి. ఇంటికి చేరాక, దీనితోపాటు ఎర్రమాంబ బాణలిని, తెడ్డును, కొత్త మడిలో నాటడానికి ఒక మూటెడు గింజలను ఇచ్చింది.