వంక పుట్టినచోట నాలుగు రాళ్లు

రండి పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నవాళ్లూ, మీరూ ముందుకొచ్చి కూర్చోండి.

వెనకటికి, చెట్లన్నీ నరికి తన కొండను తానే బోడిగుండు చేసుకున్న పల్లె ఒకటి ఉండేది. దాని పేరు గువ్వలపల్లె. కొండమీద కురిసిన వాన ఒక్క పూటలో వంకలోంచి ఉరికి, పొలాల మట్టిని కూడా ఎత్తుకుపోయేది. బావులు మాత్రం నోళ్లు తెరుచుకునే ఉండేవి.

ఆ ఊళ్లో ఓబులక్కకు పన్నెండు గొర్రెలు, ఒక బావి. ఈ ఏడు కూడా బావి ఊరకపోతే గొర్రెల్ని అమ్ముకుని వలస పోవాల్సిందే.

అమావాస్యనాడు ఎద్దులకు కాడి కట్టరు కదా. ఆ రోజు ఇంటికొక మనిషి పారతో వచ్చి వంక పని చెయ్యడం ఆ పల్లె కట్టుబాటు. కూలీ లేదు, పిలుపూ లేదు.

మొదటి ఏడు పొలాల పక్కనే మట్టికట్ట వేశారు. వంక తోసుకుపోయింది. రెండో ఏడు రాతికట్ట వేశారు. అదీ పోయింది. ఈ మూడో ఏడు రెట్టింపు మందాన కట్టారు. తొలివానకే బీట పడింది. అందరూ చేతులెత్తేశారు.

ఆ తర్వాతి అమావాస్యకు ఓబులక్క ఒక్కతే వచ్చింది. ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి కదా! బీటను మట్టితో పూడ్చి, ఈ నీళ్లకు ఇంత బలం ఎక్కడిదో చూద్దామని మోకాళ్లు పట్టుకుని కొండెక్కింది.

పైన వంక వేలెడు గాడి మాత్రమే. దానికి అడ్డంగా నాలుగు రాళ్లు పేర్చింది. పక్క గాడికి మరో నాలుగు.

ఊరిపెద్ద మద్దిలేటి కింది నుంచి చూసి నవ్వాడు. "ఏం ఓబులక్కా, కొండకు కడియాలు తొడుగుతాండావా?"

"పరిగెత్తే పిల్లోణ్ణి గడప దగ్గరే పట్టుకోవాల మద్దిలేటీ. వీధి చివర నిలబడితే మనల్నే పడదోస్తాడు."

రెండో అమావాస్యకు మద్దిలేటి మూలుగుతూనే రాళ్లు మోశాడు. మూడోదానికి ముప్పై ఇళ్ల వాళ్లు కొండెక్కారు. పాటలు లేవు, హుషారు లేదు. రాయి మీద రాయి, అంతే.

పెద్దవాన వచ్చింది. ఈసారి నీళ్లు ప్రతి రాయి దగ్గరా తట్టుకుని, సగం కొండలోనే ఇంకి, మిగిలినవి అలిసిపోయి వచ్చి కట్టకు ఆనుకుని కూర్చున్నాయి.

పది రోజులకు ఓబులక్క బావిలో మోకాలెత్తు నీళ్లు ఊరాయి. ఎక్కువేం కాదు, పన్నెండు గొర్రెలకు సరిపడా. ఆమె చేద వేసి, తొట్టి నింపి, నేలమీద చతికిలబడింది.

"ఇంక పని అయిపోయినట్టేనా అక్కా?" ఆశగా అడిగాడు మద్దిలేటి.

"యాడ అయితాది నాయనా! పైన ఇరవై రాళ్లు జారినాయి."

మద్దిలేటి నిట్టూర్చి పార భుజాన వేసుకున్నాడు.

విన్నారు కదా! ముప్పు పుట్టినచోట పట్టుకుంటే నాలుగు రాళ్లు చాలు. ముదిరాక ఊరంతా ఒక్కటైనా ఆగదు. ఇక లేవండి, అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఇళ్లకు పోయి, వేడివేడిగా నాలుగు ముద్దలు తినండి.