శేషం చిత్రకారుడికే

కథ చాలా చిన్నది. పుల్లన్న మాస్టారు బడి గోడకు భాగహారం పోస్టరు ఒకటి వేయించాడు. అంతే కథ.

కాకపోతే ఆ గోడ సంగతి చెప్పాలి. అది కాలవ పక్కన పశువుల పాక గోడ. పొద్దున పూట బడి, సాయంత్రం గేదె వీపు గోక్కునే చోటు. ఒళ్లు చల్లబడాలని గేదె బురదలోకి దిగుతుంది, బురద వదిలించుకోవాలని గోడ దగ్గరికి వస్తుంది. ఈ రెండు పనులతో దానికి ఊపిరి సలపదు. ఈ మాట దాని మొహం మీదే అన్నది కోడి మంగతాయారు. పెట్టేది ఒక్క గుడ్డయినా వీధంతా చాటింపు వేసే మనిషి, ఎవరి మొహం మీదైనా అంటుంది. మంగతాయారు పిల్ల కూడా ఆ బడిలోనే మూడో తరగతి.

మూడో తరగతిలో నలుగురు. కోడిపిల్ల, మేకపిల్ల, లేగదూడ, పందిపిల్ల గున్నమ్మ. పుల్లన్న మాస్టారు ఎద్దు. పదేళ్లు నాగలి లాగి, మెడ కాయలు కాశాక బడికి వచ్చాడు. గున్నమ్మ ఏడో ఎక్కం మొదలుపెట్టి రోజూ మూడో మెట్టు దగ్గరే జారి పడుతుంది. ఈగను కూడా తోలుకోకుండా వింటాడు ఆయన.

ఆ వారం ఆయనకు మేత సయించలేదు. శనివారం కొంగ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పిల్లలకు భాగహారం రాకపోతే మూడో తరగతిని ఎత్తేసి కాలవ అవతలి బడిలో కలిపేస్తాడు. కాలవ మీద వంతెన లేదు. దూడ ఈదుతుంది, పందిపిల్ల ఈదుతుంది. మేకపిల్ల గట్టు మీద నిలబడి ఏడుస్తుంది. కోడిపిల్ల సంగతి ఆలోచించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

అప్పుడు వచ్చాడు నక్క నాగభూషణం. ఊళ్లో బోర్డులన్నీ అతని చేతివే. పిల్లి పెట్టిన పాల కొట్టుకు ‘స్వచ్ఛమైన పాలు’ అని రాసిందీ అతనే.

“నోటితో చెబితే ఎక్కదు మాస్టారూ. కంటికి కనపడాలి. పోస్టరు వేద్దాం.”

“ఎంత తీసుకుంటావు?”

“పిల్లల చదువుకా? రామ రామ.” తోక సర్దుకుని కూర్చున్నాడు. “మధ్యాహ్నం వాళ్లకేం పెడుతున్నారు?”

“రోజుకు ఇరవై మూడు వేరుశెనక్కాయలు. రైతు కొలత అది. ఎందుకలా అని నేనడగలేదు.”

“ఎలా పంచుతున్నారు?”

“కుప్ప పోస్తాను. వాళ్లే తింటారు.”

“చూశారా, పాఠం కాళ్ల కింద పెట్టుకుని తొక్కుతున్నారు. ఆ కాయలే పోస్టరులో వేస్తాను. రోజూ దాన్ని చూసి నలుగురికీ సమానంగా పంచండి. చివర్లో శేషమని మిగులుతుంది చూశారూ, ఆ తాలు నా మొహాన పారేయండి. చాలు.”

శేషమంటే ఒకటో రెండో అనుకున్నాడు మాస్టారు. నక్క తోక తొక్కినంత సంబరపడ్డాడు, అదీ నక్క ఎదురుగానే.

మర్నాటికి పోస్టరు గోడెక్కింది. నాలుగు పళ్లాలు, ఒక్కో పళ్లెం వెనక ఒక్కో పిల్ల బొమ్మ, పళ్లెంలో నాలుగేసి కాయలు. కింద ఒక బుట్ట, అందులో ఏడు కాయలు. బుట్ట మీద ‘శేషం చిత్రకారుడికే’ అని పూల అక్షరాలు. కోడిపిల్ల బొమ్మ ఎంత ముద్దుగా కుదిరిందంటే, మంగతాయారు ఇక మిగతాదేదీ చూడలేదు.

మాస్టారు చూశాడు. నాలుగు నాలుగులు పదహారు. ఏడు కలిపితే ఇరవై మూడు. సరిపోయింది. గిట్టతో నేల మీద మరోసారి వేశాడు. మళ్లీ సరిపోయింది.

“శేషం కాస్త లావుగా ఉందేమో నాగభూషణం?”

“లెక్క తప్పిందా?”

“తప్పలేదు.”

“మరి లెక్కలో లావేమిటి, సన్నమేమిటి మాస్టారూ.” మాస్టారు నిజమేనన్నట్టు తల ఊపాడు.

“ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం మీరు, అన్నయ్యగారూ” అంది మంగతాయారు, పిల్ల బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే.

ఐదు రోజులు, రోజుకు ఏడు కాయలు నక్క బుట్టలోకి వెళ్లాయి. పిల్లలు పాఠం మధ్యలో ఆకలికి కడుపులు పట్టుకునేవారు. దూడ గంట తాడు నమిలేసింది. మాస్టారు తన ఎండుగడ్డిలో కొంత తెచ్చి పెట్టాడు. కోడిపిల్ల ఆ గడ్డిని మర్యాదగా చూసి ఊరుకుంది.

శనివారం కొంగ వచ్చాడు. ఒంటికాలి మీద నిలబడి పోస్టరు చదివాడు. అతనూ గుణించాడు, అతనూ కలిపాడు. “బాగుంది. ఇప్పుడు కాయలతో చేసి చూపించాలి. ఆ పిల్లను రమ్మనండి” అని ముక్కు చాచి గున్నమ్మను చూపించాడు.

మాస్టారు ఒక గిట్ట ముందుకు వేశాడు. “ఆ పిల్లకు ఎక్కాలు ఇంకా...”

“ఎక్కాలు అడగలేదు. పంచమంటున్నాను.”

గున్నమ్మకు పోస్టరు అర్థం కాలేదు. మూతితో ఒక్కో కాయే తోసింది. దూడకొకటి, మేకపిల్లకొకటి, కోడిపిల్లకొకటి, తనకొకటి. ఒక చుట్టు. మళ్లీ మొదటినుంచి. నాలుగు చుట్లయ్యేసరికి నాగభూషణం బుట్టతో ముందుకొచ్చాడు.

“చాలమ్మా, అయిపోయింది.”

“ఇంకా ఉన్నాయిగా మావయ్యా.”

“అది శేషం తల్లీ. దాన్ని ముట్టుకోకూడదు.”

“ఎందుకని? ఇంకో చుట్టు వస్తుంది.”

తోసింది. తలా ఐదయ్యాయి. మూడు మిగిలాయి. గున్నమ్మ ఆ మూడింటినీ చూసింది, నలుగురినీ చూసింది. “ఇప్పుడు రాదు. ఒకరికి ఉండదు” అని వెళ్లి కూర్చుంది.

గేదె నెమరు ఆపింది. మాస్టారు గోడను చూశాడు, నేలను చూశాడు. ఇదీ ఇరవై మూడే. “రోజుకు తలా ఒక కాయ. ఐదు రోజులు” అన్నాడు తనలో తను. తల ఎత్తలేకపోయాడు.

కొంగ రెండో కాలు కూడా కింద పెట్టాడు. “మీరు సరిచూడలేదా మాస్టారూ?”

“చూశానండీ. సరిపోయింది.”

“నాకూ సరిపోయింది” అన్నాడు కొంగ. అందుకే ఆ ముక్క రిపోర్టులో రాయలేదు. నక్క వైపు తిరిగాడు. “ఏమయ్యా, ఇంకో చుట్టు వస్తుందని తెలియక ఆపావా, తెలిసే ఆపావా?”

తెలిసే అంటే దొంగతనం. గుమ్మంలో పడుకున్న కుక్క ఒక చెవి పైకెత్తింది.

“తెలియకే సార్” అన్నాడు నాగభూషణం. “నాకసలు భాగహారం రాదు.”

“పాపం” అంది మంగతాయారు.

“ఎంతవరకు చదివావు?”

“రెండు.”

కొంగ రాసుకున్నాడు.

మూడో తరగతి కాలవ ఇవతలే ఉండిపోయింది. సోమవారం నుంచి హాజరు పట్టీలో ఐదో పేరు నక్క నాగభూషణం. ఏడాది పరీక్షలో అతను తప్పాడు. కావాలని తప్పాడేమోనని మాస్టారు కాగితం మూడుసార్లు దిద్దాడు. లేదు, అతనికి నిజంగానే భాగహారం రాదు.

పక్కవాడి వాటా కొట్టేయడానికి లెక్కలు రానక్కర్లేదు, పంచిపెట్టడానికే రావాలి.