బండెడు మట్టల ఖరీదు

గోదావరి కాలవ పక్కన పూతరేకులు తీసే ఊళ్లో, రూపాయిని కన్నబిడ్డలా దాచుకుని కాలాన్ని మాత్రం కాలవలో పారబోసే పల్లాలరావు అనే మనిషి ఒకడు ఉండేవాడు.

అగ్గిపుల్లను నిలువునా నాలుగు చీలికలు చేసి నాలుగు రోజులు వాడేవాడు. బెల్లం కిలోకు రూపాయి తక్కువని తెలిస్తే ఏడూళ్లు దాటి నడిచేవాడు. చెప్పులు అరిగిపోతాయని వాటిని చంకలో పెట్టుకునేవాడు. అతను బయల్దేరేటప్పుడు దూడగా ఉన్నది, తిరిగి వచ్చేసరికి ఈనేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఎవరైనా నవ్వితే, "నవ్వండి నవ్వండి! రూపాయి పోతే మళ్లీ వస్తుందా? పొద్దుదేముంది, రేపు మళ్లీ పొడుస్తుంది," అనేవాడు.

అతని పెళ్లాం వీరవేణి. రేకులు తీయడంలో ఆమెను మించినవాళ్లు ఆ కాలవకు ఈ గట్టున లేరు, ఆ గట్టున లేరు. ఆమె తీసిన రేకు దగ్గర నిలబడి తుమ్మితే, అది ఎగిరిపోయి పక్క ఊళ్లో దొరికేది! బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టల మంట పెట్టేది. పలచటి పిండినీళ్లలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్క లాగు లాగేది. రెప్పపాటులో పొర లేచేది. అది ఎప్పుడు లేస్తుందో కంటికి తెలియాలి. ఆ క్షణం దాటితే రేకు ముక్కలే.

అంతటి పనిమంతురాలి చేత పల్లాలరావు రోజూ ఏం చేయించేవాడో తెలుసా? కాలవ గట్టు వెంట రాలిన మట్టలు ఏరించేవాడు.

ఒకరోజు మట్టల బండి తోలే కాటమయ్య వాళ్ల గుమ్మంలో ఆగాడు.

"రావుగారూ, ఎండు మట్టలండి. అంటిస్తే టపాకాయల్లా పేలతాయి. బండి రెండొందలు."

"రెండొందలా! మట్టలకా, మా ఇంటికా?"

"మీ ఆవిడ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గట్టు మీదే ఉంటున్నారు కదండీ. ఆ పూట కుండ దగ్గర కూర్చుంటే ఆ రేకుల డబ్బుతో మూడు బళ్లు కొనొచ్చు."

"ఇంట్లో మనిషి తిరిగితే ఖర్చేంటోయ్? దానికేమన్నా కూలి ఇవ్వాలా?" అన్నాడు పల్లాలరావు.

కాటమయ్య ఎద్దుల వైపు చూసి, "పదండ్రా, మీకైతే గడ్డన్నా వేస్తాను," అంటూ బండి తోలుకుపోయాడు.

ఆ వారమే పట్నం మిఠాయి కొట్టాయన కబురు పెట్టాడు. పెద్దింటి పెళ్లట. పదిహేను రోజుల్లో మూడువేల రేకులు కావాలన్నాడు. పల్లాలరావుకు ఆనందంతో ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక పూట బియ్యం కలిసొచ్చాయని దానికీ సంబరపడ్డాడు.

మర్నాడు పొద్దున వీరవేణి మట్టలు ఏరుతుంటే గాలి విసిరింది. ఎండాకు నలుసు ఒకటి ఆమె కుడి కంట్లో గుచ్చుకుంది. ఇంటికి వచ్చేసరికి కన్ను పండుమిరపకాయలా ఉంది.

"ఏవండీ, కన్ను తెరవలేకపోతున్నానండి. పట్నం ఆస్పత్రికి వెళ్లొద్దాం."

"ఇప్పుడా? ఆర్డరు మీదుండగా? ఒక పూటంటే ఎన్ని రేకులో తెలుసా?"

"నిన్న మట్టలేరిన పూట ఎన్ని రేకులండి?"

పల్లాలరావు కసురుకున్నాడు.

"అది మన ఇంటి పనే! దానికీ దీనికీ లంకె పెట్టకు. చల్లటి నీళ్లతో కడుక్కో."

ఆమె కడుక్కుంది. తడిగుడ్డ కంటికి కట్టుకుని కుండ ముందు కూర్చుంది. ఒంటికంటితో, ఆ పొగలో, తొమ్మిది రోజులు కూర్చుంది. మధ్యలో మట్టలు అయిపోతే మళ్లీ గట్టు మీదికి ఆమే వెళ్లింది. కన్నీళ్లు పిండిలో పడకుండా తల పక్కకు తిప్పి రేకులు తీసింది. మూడువేలూ పూర్తయ్యాయి. పల్లాలరావు డబ్బు తెచ్చుకుని పెట్టెలో పెట్టి, తాళం ఏడుసార్లు లాగి చూశాడు.

"ఇప్పుడు వెళ్దామా అండి?" అంది వీరవేణి.

"తొందరెందుకే! వచ్చే ఆదివారం పక్క ఊళ్లో ఉచిత కంటి శిబిరం ఉందట. బస్సు ఖర్చు ఉండదు, డాక్టరు ఫీజు ఉండదు. తొమ్మిది రోజులు ఆగినదానివి ఇంకో ఆరు రోజులు ఆగలేవా?"

ఆగింది. ఆదివారం శిబిరంలో, కొండచిలువంత వరసలో సగం పూట నిలబడింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి మొహం చిట్లించింది.

"నలుసు ఎప్పుడు పడింది?"

"పదిహేను రోజులైందండి," అంది వీరవేణి.

"మర్నాడే వచ్చి ఉంటే చుక్కల మందుతో కుదిరేది. కనుగుడ్డు పుండై పువ్వు వేసేసింది. ఈ కంటికి చూపు పోయిందమ్మా."

పల్లాలరావు జీవితంలో మొదటిసారి బేరమాడకుండా అడిగాడు. "ఎంతైనా ఇస్తానండి. పెట్టె మొత్తం తెస్తాను."

"అప్పుడు తెచ్చుంటే బాగుండేది," అంది డాక్టరమ్మ. తర్వాతి మనిషిని పిలిచింది.

ఆ తర్వాత వీరవేణి కుండ ముందు కూర్చుంటే రేకు ఎంత దూరంలో ఉందో అంచనా అందేది కాదు. వేళ్లు కాలేవి. రేకులు చిరిగేవి. కొట్టాయన రెండుసార్లు చూసి, వేరే ఇంటికి ఆర్డరు ఇచ్చేశాడు.

చివరకు పల్లాలరావు తనే కూర్చున్నాడు. కాటమయ్య దగ్గర బండెడు ఎండు మట్టలు, చెప్పిన ధరకే కొన్నాడు. పదివేళ్లూ కాల్చుకుని, పొద్దెక్కేసరికి ఒక్క రేకు తీశాడు. అంచు నల్లగా మాడి, మధ్యలో చిల్లి పడి ఉంది. దాన్ని అరచేతుల్లో పెట్టుకుని, వీరవేణి కూర్చున్న అరుగు మీదికి తెచ్చాడు.

"వేణీ, ఇది సరిగ్గా వచ్చిందేమో కాస్త చూడవే."

వీరవేణి తల తిప్పలేదు. అతను నిలబడింది ఆమె కుడివైపు.

"ఏ కంటితో చూడమంటారండీ?" అంది.

పల్లాలరావు చేతిలో రేకు పొడిపొడిగా రాలింది.

నీతి: మిగిలే రూపాయిని లెక్కపెట్టే ముందు, దాని కోసం ఖర్చయ్యే కాలమెంతో, ఆ కాలం ఎవరిదో కూడా లెక్కపెట్టాలి. ఇంట్లో మనిషి కాలం ఊరికే వస్తుందనుకునేవాడికి, పోగొట్టుకున్నదాన్ని పెట్టె నిండా డబ్బున్నా కొనుక్కోవడం చేతకాదు.