పచ్చనీళ్లలో జనం

అనగనగా అడవి మధ్య ఒక చెరువులో గైరమ్మ అనే కొరమీను, కళ్లెదుట తిండి పెట్టుకుని పిల్లల్ని పస్తులుంచింది. కావాలని కాదు, తెలియక.

గుడ్లు పెట్టే ముందు ఆమె చెరువంతా తిరిగి చూసింది. తూర్పు మూల నీళ్లు చిక్కగా, పచ్చగా ఉన్నాయి. "ఛీ, మురికి!" అనుకుంది. రాళ్ల మూల నీళ్లు తేటగా ఉన్నాయి. బియ్యపు గింజంత నీటిపురుగులు నున్నగా, బలంగా గెంతుతున్నాయి. "తిండంటే ఇదీ!" అని అక్కడే గుడ్లు పెట్టింది.

వెయ్యిమంది పిల్లలు పుట్టారు. ఒక్కొక్కరు దారపు ముక్కంత.

మొదటి రోజు, "అమ్మా, ఆకలి!" అన్నారు.

రెండో రోజు, "అమ్మా, ఆ పురుగు మా నోట్లో పట్టట్లేదు!" అన్నారు.

"వంకలు చెప్పకండర్రా. నోరు పెద్దది చేసి మింగండి," అని కసిరింది గైరమ్మ.

మూడో రోజు, అడిగే గొంతులు సగం తగ్గిపోయాయి.

గైరమ్మ ఇక ఆగలేదు. రాతిమీద పాకుడు గీక్కుతింటున్న ముసలి నత్త పైడయ్య దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఇంత తిండి మధ్య వీళ్లకి ఆకలేంటి?"

"ఎంత తిండి? లెక్కపెట్టావా?"

"కనిపిస్తూనే ఉందిగా!"

"నీ నోటికి సరిపోయేదే నీకు కనిపించింది. పద, పచ్చనీళ్ల మూలకి."

తాతని వీపునెక్కించుకుని వెళ్లింది. అక్కడొక తామరాకు గుంటలో కాసిని నీళ్లు నిలిచి ఉన్నాయి.

"ఇందులో గింజంత పురుగులెన్ని?" అన్నాడు పైడయ్య.

"ఒక్కటి."

"నూకంతవి?"

"పది... కాదు, పన్నెండు."

"రవ్వకన్నా చిన్నవి?"

గైరమ్మ కళ్లు చిట్లించింది. నీళ్లే కదులుతున్నట్టున్నాయి. "తాతా, లెక్క తప్పుతోంది!"

"తప్పుతుంది. నాకూ తప్పింది. అది మురికి కాదే పిచ్చిదానా, జనం!"

"మరి పెద్దవి ఒక్కటేనేం?"

"పెద్ద ఒంటికి పెద్ద మేత కావాలి. ఒక్క పెద్దది తినే మేతతో చిన్నవి వందలు బతుకుతాయి."

ఆకులోని పెద్ద పురుగు ఎకసెక్కమాడింది. "నాలాంటివాటిని చూసి మురిసిపోయావుగా! ఒక్కదాన్ని, ఎంతమందికి సరిపోతానేం?"

గైరమ్మ ఆకు అంచు వంచి దాన్ని గుటుక్కున మింగింది. ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలిన పిల్లల్ని పచ్చనీళ్లలోకి తోలుకొచ్చింది. సాయంత్రానికి వాళ్ల పొట్టలు నిండాయి.

మరుసటి ఏడు ఆమె ఆడపడుచు రాళ్ల మూల నుంచి పిలిచింది. "వదినా, ఇటు రా! నీళ్లు అద్దంలా ఉన్నాయి. పురుగులు చూడు, ఎంతెంతున్నాయో!"

"నాకు బాగానే ఉంటాయమ్మా. తినేది నేను కాదుగా," అంది గైరమ్మ.

ఆ ఏడే కాదు, బతికినన్నాళ్లూ ఆమె పచ్చనీళ్లలోనే గుడ్లు పెట్టింది.

నీతి: పెద్దవి నాలుగు కనిపించగానే అంతా నిండుగా ఉందనుకోకూడదు, తినేవాళ్ల నోరెంతో ముందు చూడాలి.