గాజుల ఓబన్న ఎరిగిన చెయ్యి

అనగనగా పగడవరమనే ఊరు. ఆ ఊళ్ళో పొద్దు పొడవకముందే భయం నిద్రలేచేది.

ఆ భయం పేరు ముసుగుదొర. అతని ముఖం ఎవరూ చూడలేదు. గొంతు ఎవరూ వినలేదు. తల నుంచి పాదాల దాకా నల్ల గొంగడి, వెనక నలభై మంది మనుషులు. సంతరోజున వాళ్ళు అంగడి అంగడికీ తిరిగి మామూలు అడిగేవారు. బట్టల వర్తకుడు ఇవ్వనన్నాడు. వారం తిరక్కుండా కొట్టు బూడిదైంది. పడవల సరంగు ఇవ్వనన్నాడు. పడవలు మూడూ ఏట్లో మునిగాయి. గానుగ వీరభద్రం ఇవ్వనన్నాడు. ఆ మనిషే కనపడకుండా పోయాడు.

ఎవరు చేశారని అడిగితే ఊరంతటిదీ ఒకటే మాట. "మేం చూళ్ళేదు."

చూసినవాడు ఒక్కడున్నాడు. అతడు గాజుల ఓబన్న.

ముప్పై ఏళ్ళుగా గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఆడవాళ్ళ ముఖాలు తేరిపార చూసేవాడు కాదు. చెయ్యి పట్టుకుని, కణుపులు మెల్లగా నొక్కి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేవాడు. ఏ చెయ్యి ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

వీరభద్రం కనపడకుండా పోయిన రోజు ఓబన్న పొరుగూరి నుంచి వస్తూ పాడుబడ్డ సున్నపు బట్టీ పక్క దారి పట్టాడు. అక్కడ నలుగురు మనుషులు వీరభద్రం శవాన్ని బట్టీలోకి తోస్తున్నారు. ఓబన్న ఉలిక్కిపడ్డాడు. భుజాన మలారంలో గాజులు గలగలమన్నాయి.

మరుక్షణం అతడు నేల మీద ఉన్నాడు. మెడ మీద కత్తి. గొంగడి మనిషి వంగి, అతని నోటిని అరచేత్తో మూసి, వద్దన్నట్టు తల ఆడించాడు.

"దొర వదలమంటున్నాడు" అన్నాడు కత్తివాడు. "చంపితే వీడొక్కడే చస్తాడు. వదిలితే ఇంటింటికీ భయం మోసుకుపోతాడు. ఒరేయ్, నోరు విప్పావో, మణికట్టు కింద నీకు చేతులుండవు!"

ఓబన్నకు ఆ మాటలు సగమే వినపడ్డాయి. మనసంతా నోటి మీది చేతి మీదే ఉంది. వెడల్పాటి అరచెయ్యి. గట్టి బొటనవేలి కణుపు. లోపలికి వంగిన చిటికెన వేలు. మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ కింద, మోత రాకుండా బిగించిన గాజులు.

ముప్పై ఏళ్ళలో అతడు అలాంటి చెయ్యి ఒక్కటే పట్టాడు. సత్రం కట్టించి రోజూ నూరు విస్తళ్ళు వేయించే కనకాంగమ్మ చెయ్యి.

మూడో రోజున ఆమె నుంచి కబురొచ్చింది, గాజులు తెమ్మని.

ఓబన్న వెళ్ళాడు. వెళ్ళకపోతే తను గుర్తుపట్టినట్టు ఆమెకు తెలిసిపోతుంది. ఆమె చెయ్యి చాపింది. అతడు పట్టుకున్నాడు. అదే అరచెయ్యి. అదే కణుపు.

"ఏం ఓబన్నా, వణుకుతున్నావు?"

"జ్వరమమ్మా."

"అయ్యో పాపం. చేతులు జాగ్రత్త. గాజులవాడికి చేతులు లేకపోతే ఇంకేముంది?"

ఫట్‌మని గాజు పగిలింది. ఓబన్న చేతిలో గాజు పగలడం అదే మొదలు. కనకాంగమ్మ నవ్వింది.

ఇంటికి వస్తుంటే వీరభద్రం భార్య అచ్చమ్మ దారిలో ఎదురైంది. రెండు చేతులూ చాపింది.

"అన్నా, ఈ గాజులు నువ్వు తొడిగినవే. ఉంచుకోమంటావా, తియ్యమంటావా? ఆయన ఉన్నాడో లేడో ఎవరూ చెప్పరు."

ఓబన్న తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాడు. భార్య లింగమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు.

"చెబితే చేతులు పోతాయే" అన్నాడు.

"చెప్పకపోతే ఉంటాయిలే" అంది లింగమ్మ. "ఉండి ఏం లాభమయ్యా? రేపు అచ్చమ్మ మళ్ళీ చెయ్యి చాపితే, ఏ చేత్తో పట్టుకుంటావు?"

రాజు పంపిన ధర్మాధికారి ఆ వారమే ఊళ్ళో సభ తీర్చాడు. బట్టల వర్తకుణ్ణి అడిగితే, "దీపం పడి కాలింది బాబయ్యా" అన్నాడు. సరంగును అడిగితే, "గాలివాన బాబయ్యా" అన్నాడు. అప్పుడు ఓబన్న లేచాడు.

"వీరభద్రం సున్నపు బట్టీలో ఉన్నాడు. ముసుగుదొర మగవాడు కాడు. అదుగో, ఆ కనకాంగమ్మ!"

సభ గొల్లుమంది. కనకాంగమ్మ చలించలేదు. "వీడు ముఖం చూశాడా? గొంతు విన్నాడా?"

"చెయ్యి ఎరుగుదును" అన్నాడు ఓబన్న.

భటులు బట్టీ తవ్వారు. శవం దొరికింది. అయినా ధర్మాధికారి తొందరపడలేదు. తెర కట్టించి, ఊరి ఆడవాళ్ళతో పాటు కనకాంగమ్మనూ దాని వెనక నిలబెట్టాడు. ఓబన్న కళ్ళకు గంతలు కట్టించాడు.

మొదటి చెయ్యి వచ్చింది. "కుమ్మరి వారి చిన్నకోడలు. సారె తిప్పి తిప్పి అరచెయ్యి నునుపెక్కింది." నిజమే.

రెండో చెయ్యి వచ్చింది. "పూజారి గారి అత్తగారు. పాపం, కీళ్ళనొప్పులు." తెర వెనక ముసలావిడ ఫక్కున నవ్వింది.

మూడో చెయ్యి వచ్చింది. మోచేతి దాకా కనకాంగమ్మ బంగారు గాజులు. ఓబన్న ఆ చెయ్యి పట్టుకుని, కణుపులు మెల్లగా నొక్కి చూశాడు.

"గాజులు ఆమెవి. చెయ్యి ఆమెది కాదు."

తెర లాగారు. యజమానురాలి గాజులు తొడుక్కుని దాసి గడగడ వణుకుతోంది. వెనక కనకాంగమ్మ బోసిచేతుల్ని కొంగులో దాచుకుని నిలబడి ఉంది.

"తప్పు చెయ్యని చెయ్యి దాక్కుంటుందా?" అన్నాడు ధర్మాధికారి.

దాసి కాళ్ళ మీద పడి, గొంగడి దాచిన చోటు చెప్పింది. సరంగు లేచాడు. "గాలివాన కాదు బాబయ్యా. పడవలకు చిల్లులు పొడిచారు." బట్టల వర్తకుడూ లేచాడు. ముసుగుదొర మనుషుల్ని భటులు పట్టుకొచ్చారు. ఆ నలభై మందిలో ఒకడు నోరు విప్పాడు, తరవాత అందరూ విప్పారు. కనకాంగమ్మను బతికినన్నాళ్ళూ కోట చెరలో ఉంచమని ధర్మాధికారి తీర్పు చెప్పాడు. బండి ఎక్కుతూ ఆమె ఓబన్న చేతుల వంకే చూసింది.

సాయంత్రం అచ్చమ్మ వచ్చి, చేతులు చాపింది. ఓబన్న ఆ చేతులు పట్టుకున్నాడు.

"ఇవి తొడిగే చేతులే తల్లీ, తీసే చేతులు కావు. నీ గాజులు నువ్వు ఉంచుకో."

ఆ తరవాత కూడా ఓబన్న చేతుల వణుకు పూర్తిగా పోలేదు. కానీ మరెప్పుడూ గాజు పగల్లేదు.

భయం అందరి నోళ్ళూ ఒక్క చేత్తోనే మూస్తుంది. వణుకుతూనైనా సరే, ఆ చెయ్యి ఎవరిదో చెప్పినవాడే ఊరిని విడిపిస్తాడు.