ముందు సీట్లోంచి చూసిన ముల్లు

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే కుర్చీ వేయించరు. "బండి తెచ్చావా?" అని అడుగుతారు. తెచ్చానంటే చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాడు నడపాలి, ఆయన పక్కన కూర్చుంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ లారీ డ్రైవర్లకి శిక్షణ ఇచ్చిన మనిషి. చేతులు ఖాళీగా ఉన్నవాడు తన ప్రశ్నని సింగారించి చెబుతాడనీ, స్టీరింగు పట్టుకున్నవాడు ఉన్నది ఉన్నట్టు కక్కేస్తాడనీ ఆయన నమ్మకం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక ఉన్న ఆ ఇంటికి పాత శిష్యులు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. కొందరికి లారీలున్నాయి, కొందరికి కష్టాలున్నాయి, చాలామందికి రెండూ ఉన్నాయి.

ఆ రోజు వచ్చినవాడు సన్యాసినాయుడు. పేరుకే సన్యాసి. తన లారీ డీజిలు ట్యాంకు మూతలకి తానే తాళాలు వేసి, ఆ తాళాలు ఉన్నాయో లేదో చూడ్డానికి మళ్ళీ వెనక్కి వెళ్ళే రకం. అతని వెంట డ్రైవరు నూకరాజు కూడా వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడు మాస్టారి దగ్గర స్టీరింగు పట్టినవాళ్ళు. నాయుడు ఓనరయ్యాడు, నూకరాజు అతని దగ్గరే డ్రైవరుగా ఉండిపోయాడు. నాయుడికి ఎడమ మోకాలు మొరాయించినప్పుడు క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ కారు కొన్నాడు. దాన్నీ నూకరాజే నడుపుతున్నాడు. మొన్న వేసవిలో మోకాలికి ఆపరేషనైతే ఆసుపత్రి మెట్ల మీద నాయుణ్ణి ఎత్తుకుని దింపినవాడూ అతనే.

"తాళం ఇలాగియ్యి. నువ్విక్కడే ఉండు," అన్నాడు నాయుడు.

నూకరాజు జేబులో చెయ్యి పెట్టాడు. తన గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే విప్పి ఇచ్చాడు. మామూలుగానైతే గుత్తి మొత్తం ఇచ్చేవాడు. మాస్టారు అది చూశారు. నాయుడూ చూశాడు గాని, అతనికి అందులో ఇంకో అనుమానం మాత్రమే కనిపించింది.

కారు సందు దాటగానే నాయుడు ప్రశ్న వేశాడు.

"ఇన్నాళ్ళు నమ్మినోడు మోసం సేత్తన్నాడని రుజువు దొరికింది మాస్టారూ. ఇప్పుడేటి సెయ్యాల?"

"రుజువేమిటి?"

"ఈ కారే. మొన్న సర్వీసుకని వాడొక్కడూ షెడ్డుకి తీసుకెల్లాడు. లోపల సామాను మార్చీసినారు. గేర్‌బాక్సు దగ్గర మంచిది ఊడదీసి, పాతది తగిలించినారు. మీరే సూడండి."

మాస్టారు చూశారు. మీటర్ల పెట్టెలో ఎడమవైపు ఇంజను వేగం చూపించే ముల్లు ఉంది. కారు పెద్ద రోడ్డెక్కింది. దారి సాఫీగా ఉంది. నాయుడు అరవైకి తెచ్చి అలాగే పట్టి ఉంచాడు. కాలు కదల్లేదు, కారు వేగం మారలేదు, గేరు మారిన కుదుపూ లేదు. అయినా ఆ ముల్లు ఎవరో వేలితో నొక్కినట్టు కొంచెం కిందికి దిగింది. ఇంజను మోత తగ్గింది.

"ఇక్కడ బుద్దిగా ఉంటాది. ముందుకి రండి, దొరికిపోద్ది," అన్నాడు నాయుడు. దొంగని చీకట్లో కాపు కాసినవాడి గొంతు అది.

ముందు రైలు పట్టాల మీద కట్టిన ఓవర్‌బ్రిడ్జి వచ్చింది. ఎత్తు మొదలవగానే వేగం తగ్గకుండా నాయుడు కాలు కాస్త నొక్కాడు. ముల్లు గభాల్న పైకి లేచింది. ఇంజను మూలిగింది. కారు మాత్రం అదే అరవైలో ఉంది.

"అదిగో! ఇంజను తిరుగుతాంది, చక్రానికి అందటం లేదు. క్లచ్ ప్లేటు అరిగిపోయిన లారీ ఇలాగే అరుస్తాది. మీరే కదా మాకు నేర్పినారు, ఇంజను గోల పెరిగి బండి పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టేనని!"

"నేనే నేర్పాను. లారీ గురించి నేర్పాను," అన్నారు మాస్టారు.

వంతెన దిగాక కారు పక్కకి ఆపించి ఆయన చెప్పినది ఇంతే. ఈ కారులో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య కాలితో తొక్కే క్లచ్ లేదు. నూనె నిండిన ఒక డొల్ల ఉంది. ఇంజను ఒకవైపు నూనెని తిప్పుతుంది, ఆ నూనె రెండోవైపుని తోస్తుంది. నూనె మీద నడిచే పని కాబట్టి రెండింటికీ కాస్త తేడా ఉంటుంది, ఇంజను నాలుగు చుట్లు ఎక్కువే తిరుగుతుంది. దారి సాఫీగా ఉండి వేగం నిలకడ పడ్డాక, ఆ డొల్లలోనే ఉన్న ఒక ప్లేటు రెండింటినీ కలిపి పట్టేస్తుంది. అప్పుడు తేడా పోతుంది, ముల్లు దిగుతుంది. ఎత్తు వచ్చి బరువు పడితే ఆ ప్లేటు పట్టు వదిలేస్తుంది. మళ్ళీ నూనె మీదే నడుస్తుంది, ఇంజను ఎక్కువ తిరిగి ఎక్కువ బలం ఇస్తుంది. అందుకని ముల్లు లేస్తుంది.

నాయుడు శ్రద్ధగా విన్నాడు. అనుమానం ఉన్నవాడు ఎంత శ్రద్ధగా వింటాడో అంత శ్రద్ధగా, అంటే ఎక్కడ తప్పు పట్టుకోవచ్చా అని.

"మీరు సెప్తే కాదంటానా. మరి నాను ఇన్నాళ్ళూ ఈ కారెక్కుతున్నాను, ముందెప్పుడూ ఇలాగవ్వలేదే?"

"ముందెప్పుడూ ఎక్కడ కూర్చునేవాడివి?"

"ఎనక సీట్లో."

"ముందుకి ఎప్పుడు మారావు?"

"వాడి మీద అనుమానం వచ్చినాక," అన్నాడు నాయుడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చినా అతనికి వినపడినట్టు లేదు.

మాస్టారు కారు వెనక్కి తిప్పించారు. ఇంటికి పోనివ్వమన్నారు. మాస్టారి అల్లుడు ముందురోజే అదే రకం కారు కొన్నాడు. బానెట్ మీద పసుపు స్వస్తిక్ ఇంకా చెరగలేదు, చక్రం కింద నలిగిన నిమ్మకాయ వాకిట్లోనే ఉంది. అల్లుడు లోపల కుతకుత ఉడికిపోతూనే పైకి నవ్వుతూ తాళం ఇచ్చాడు. ఇద్దరూ అదే దారిన వెళ్ళారు. సాఫీ రోడ్డు మీద ముల్లు దిగింది. వంతెన ఎక్కుతుంటే లేచింది. వంతెన దిగి నేల సమం కాగానే, నాయుడు ఏమీ చెయ్యకుండానే, మళ్ళీ దిగి కుదురుకుంది.

నాయుడు మీటరు అద్దాన్ని రెండుసార్లు వేలితో తట్టి చూశాడు. మాస్టారు ఓపిగ్గా చూశారు.

"ఐతే మాస్టారూ," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, "ఈ కారు కూడా ఆ షెడ్డుకే వెల్లిందంటారా?"

మాస్టారు ఫక్కున నవ్వారు. మంచి రుజువు చూపిస్తే అనుమానం పారిపోతుందని మనం అనుకుంటాం గాని, అది రుజువుని కూడా తిని ఇంకాస్త బలుస్తుంది. ఇది చెప్పింది మాస్టారు కాదు, ఈ కథ చెబుతున్న నేనే. ఆయన మాత్రం, "ఇది ఇంకా దిష్టి తీయించుకోవడానికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు నాయుడూ," అన్నారు.

"సరే, కారు మంచిదే అనుకుందాం. మనిసి మంచోడు కాదు. మీకు తెలీదు. వాడు ముందు ఎలాగుండేవాడు! నా నోట్లో మాట వాడి నోట్లో ఉండేది. నాను దగ్గితే కారాపి నీల్లిచ్చేవాడు. ఇప్పుడు పలకరిస్తే రెండోసారికి గాని పలకడు. ఫోనొస్తే పక్కకెల్లిపోతాడు. సాయంత్రమైతే సాలు, ఎల్తానండీ అని నిలబడతాడు. సేతిలో ఓ కారేజీ. ఎక్కడికిరా అంటే, పనుందండీ అంటాడు. దాసుకోవలసిన పని లేనోడు అలాగంటాడా? ఈయేలతో లెక్క తేల్చీసి పంపించేద్దామని తీసుకొచ్చేను. మీ ముందు ఒప్పిస్తే పరువుగా ఉంటాదని."

"ఎప్పటి నుంచి ఇలా?"

"నా ఆపరేషనప్పటి నుంచి."

మాస్టారు ఇంటికి పోదామన్నారు.

ఇంటి దగ్గరకి వచ్చేసరికి అరుగు మీద నూకరాజు లేడు. నాయుడి ముఖంలో ఒక్కసారి వెలుగు వచ్చింది. పారిపోయాడనుకున్నాడు. తన మాట నిజమైందన్న ఆ సంబరం చూస్తే, మోసపోయినందుకు బాధపడేవాడి ముఖమని ఎవరూ అనుకోరు. ఆ ముఖం నాకు నచ్చలేదు.

నూకరాజు పారిపోలేదు. గేటు అవతల, నాయుడి కారు పక్కన నిలబడి ఉన్నాడు. హడావుడిలో నాయుడు తాళం వెయ్యని ఆ కారులోంచి తన తువ్వాలు, నీళ్ళ సీసా, కారేజీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తన పని అయిపోయిందని అతనికి తెలిసిపోయింది. ఫోను చెవికి ఆనించుకుని అటు తిరిగి మాట్లాడుతున్నాడు.

"జావ తాగిందా? మల్లీ కక్కీసిందా?... డాక్టరుగోరు ఇంకేటన్నారు?... ఏడవకమ్మా. మీయమ్మకేటవదు. వచ్చేత్తన్నాను. ఇక నుంచి పగలు కూడా నానే ఉంటాన్లే."

ఫోను జేబులో పెట్టి తిరిగేసరికి ఎదురుగా ఇద్దరూ ఉన్నారు. నూకరాజు కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

ఫోన్లో మాట నూకరాజు భార్య గురించేనని నాయుడికి అర్థమైంది. "పైడమ్మకి... ఏటైందిరా?"

"కిడ్నీలండీ. పెద్దాసుపత్రిలో ఉంది. మీ ఆపరేషనప్పుడే తెలిసింది. మీరు మంచం మీదున్నారు, ఆ టయంలో మీకెందుకు సెప్పడమని..."

"అప్పుడు సరే. తరవాతైనా ఒక్కమాట సెప్పొచ్చుకదరా!"

నూకరాజు తువ్వాలుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాయుడు తట్టుకునేవాడేమో.

"సెప్దామనే ఉండేవోన్ని. ఇంతలో మీరు ముందు సీట్లోకొచ్చి పక్కనే కూకున్నారు. నా మొకం సూసి మీరే అడుగుతారని అనుకున్నాను నాయుడుగోరూ. రోజూ అనుకున్నాను."

బెల్లం బస్తాల బండి ఒకటి వాళ్ళని తప్పుకోమని హారన్ కొట్టి వెళ్ళిపోయింది. నాయుడు తాళం పట్టుకున్న చెయ్యి చాచాడు. నూకరాజు తీసుకోలేదు. తానిప్పుడు నడపలేనని చెప్పాడు. అది నిజమో, ఆ తాళం పట్టుకోవడానికి మనసు రాలేదో నేను చెప్పలేను. నాయుడు అప్పుడు చేసిన పని చూసి మాత్రం నేను ఆశ్చర్యపోయాను. అవతలి వైపుకి కుంటుతూ వెళ్ళి, ఓనరు కూర్చునే వెనక తలుపు కాకుండా ముందు తలుపు తీసి, "ఎక్కరా. ఆసుపత్రికెల్దాం," అన్నాడు. నూకరాజు కారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాయుడు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టార్టు చేశాడు గాని కదిలించలేకపోయాడు. మీటర్ల పెట్టె వైపే చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు కిటికీ దగ్గరికి వంగారు.

"నాయుడూ, ఆ ముల్లున్న మీటరు నీ అరచేతిలో సగం ఉండదు. దారి కనిపించే ముందరి అద్దం చూడు, ఎంత పెద్దది పెట్టారో."