ఆఖరి కన్నం

గడ్డివాము పక్కన చుక్కమ్మ అనే కోడిపెట్టకి కొత్త గూడు లేచింది. ఇటుక గోడలు నిలిచాయి, కింద నాపరాళ్ళు పరిచారు, సందులు కూడా నింపారు. కట్టినవాడు నక్క మేస్త్రీ. కోడిగూడు నక్క చేత కట్టించడమేమిటని నవ్వకండి. ఆ చుట్టుపక్కల తాపీ పట్టడం వచ్చినవాడు అతనొక్కడే. పైగా ఎదురుగా కట్టుగొయ్య దగ్గర మైలడనే ఎద్దు కొమ్ములు ఆడిస్తూ ఉండేవాడు. అందుకని పగటిపూట నక్కంత మర్యాదస్తుడు లేడు.

"అయిపోయినట్టే చెల్లెమ్మా!" అన్నాడు నక్క, తాపీ కడుక్కుంటూ.

"మరి ఆ కన్నం వదిలేశావేంటన్నా?" అంది చుక్కమ్మ. గోడ అడుగున తలకాయ పట్టేంత కన్నం ఉంది.

"అది పరంజా కర్ర దూర్చిన కన్నం. అమావాస్య వెళ్ళాక వచ్చి మూస్తా. అందాకా నువ్వు చెయ్యి పెట్టకు. ఆఖరి కన్నం మేస్త్రీ చేత్తోనే మూయాలి. ఇంటివాళ్ళు మూస్తే గూడు కూలిపోతుంది. అది మా పనివాళ్ళ ఆనవాయితీ."

చుక్కమ్మ పిల్లలు నిన్నగాక మొన్న గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. గూడు కూలుతుందనగానే వాటిని రెక్కల కిందికి లాక్కుంది. సరేనని తలూపింది.

నక్క వెళ్ళాక మైలడు నెమరేస్తూ అడిగాడు. "చుక్కమ్మా, పరంజా ఎందుకు కడతారే?"

"పైన అందనిచోట నిలబడి కట్టడానికి బావా."

"మరి నీ ముక్కుకి అందే చోట పరంజా దేనికి?"

చుక్కమ్మ నోట్లో గింజ వదిలేసి కన్నం దగ్గరికి పరిగెత్తింది. అంచున నక్క బొచ్చు అంటుకుని ఉంది. మహానుభావుడు తల పడుతుందో లేదో కొలుచుకుని మరీ వెళ్ళాడు!

"అమావాస్య మర్నాడే నన్ను పొలానికి తోలుకుపోతారు," అన్నాడు మైలడు. "దున్నకం అయ్యేదాకా అక్కడే మకాం. ఆ సంగతి వాడికీ తెలుసు."

"అయితే నేనే మూస్తా. కూలితే గూడు కూలుతుంది, పిల్లలైనా దక్కుతాయి."

మిగిలిన ఇసుకా సిమెంటూ కాళ్ళతో కలిపి, నాపరాయి ముక్క ఆనించి మెత్తింది. తెల్లారేసరికి ముక్క ఊడి కింద పడింది.

"చూశావా బావా, ఆనవాయితీ తప్పానని గోడే ఉమ్మేసింది!"

"గోడకి ఆనవాయితీలేం తెలుసే పిచ్చిదానా! ఇటుక ఎండిపోయి ఉంది, నువ్వు కలిపిన సిమెంటు మాలులో నీళ్ళన్నీ తాగేసింది. ముందు గోడకి కడుపునిండా నీళ్ళు తాపు. మెత్తాక రోజూ తడుపు."

చుక్కమ్మ తొట్టిలో నీళ్ళు ముక్కుతో మోసి గోడ తడిపింది. ఈసారి రాతిముక్కని లోపలివైపు నుంచి బిగించింది.

"బయటివైపు కూడా నింపెయ్యి," అన్నాడు మైలడు.

"వద్దు బావా. అది మేస్త్రీ గారి వాటా."

రోజూ తడిపింది. ముక్కుతో కొడితే మొదట్లో మొద్దుగా పలికిన రాయి అమావాస్యనాటికి ఖణేల్మంది.

మైలడు పొలానికి వెళ్ళిన రోజు, పొద్దుగూకుతుండగా గోడ అవతల గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా, కన్నం మూయడానికొచ్చా!"

"రా అన్నా, నీకోసమే ఉంచా," అంది చుక్కమ్మ.

బయటినుంచి చూస్తే కన్నం చీకటిగా నోరు తెరుచుకునే ఉంది. నక్క నాలుగడుగులు వెనక్కేసి, దూసుకొచ్చి తల దూర్చాడు. ధబ్‌మంది! రాయి కదల్లేదు. గోడా కదల్లేదు. తలకి సరిపడా కొలుచుకున్న కన్నం కావడంతో చెవులు పట్టేసి తల వెనక్కీ రాలేదు.

"బాబోయ్, ముక్కు పచ్చడైంది! లాగండ్రా ఎవరైనా!"

"అదేంటన్నా, మేస్త్రీ చేత్తో మూయాలన్నావు, తలతో మూశావు?"

గింజుకుని గింజుకుని, చెవుల బొచ్చంతా గోడకి వదిలి, తాపీ కూడా అక్కడే పారేసి నక్క పరుగు తీశాడు. మర్నాడు చుక్కమ్మ ఆ తాపీతోనే బయటివైపు నింపేసింది. ఆ రాత్రి పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని, ఇన్నాళ్ళకి రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోయింది.

నీతి: మన ఇంటి పనిలో ఎవరైనా కావాలని కొసరు మిగిలిస్తే, ఆ కొసరు ఎవరికి లాభమో చూసుకుని మనమే ముగించుకోవాలి.